ఘోషా స్త్రీల కోసం వైద్య కళాశాల తలుపు తట్టిన సర్జన్ జనరల్

విశాఖ పాతనగరంలో ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి ఎక్కడ అని అడిగితే చాలామంది ఆలోచనలో పడతారు. ఘోషా ఆసుపత్రి అంటే మాత్రం రిక్షావాడి దగ్గర్నుంచి పండ్లమ్మే అవ్వ దాకా అందరూ దారి చూపిస్తారు. మన సబ్బవరం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాన్పుకి అక్కడికి వెళ్ళివచ్చిన తల్లులు ఎందరో ఉన్నారు. ఘోషా అంటే పరదా. పరాయి మగవాడికి కనబడని స్త్రీలకు కూడా వైద్యం అందాలన్న ఉద్దేశంతో వెలసిన ఆసుపత్రులకు ఆ రోజుల్లో ఆ పేరు స్థిరపడింది.

అయితే ఆసుపత్రి కట్టినంత మాత్రాన సరిపోదు. లోపల వైద్యం చేసేవారు కూడా స్త్రీలే అయి ఉండాలి. మరి ఆ స్త్రీలు వైద్యం ఎక్కడ నేర్చుకోవాలి? ఆనాటి వైద్య కళాశాలల్లో వారికి ప్రవేశమే లేదు. ఈ చిక్కుముడిని దక్షిణ దేశంలో మొదట పట్టుకుని విప్పడానికి పూనుకున్నవారు డాక్టర్ ఎడ్వర్డ్ గ్రీన్ బాల్ఫోర్. ఆయన ముస్లిం కాదు, భారతీయుడూ కాదు. స్కాట్లండు దేశస్థుడు, కంపెనీ సైన్యంలో వైద్యుడు. అయినా ఆయన జీవితంలో సగభాగం మన భాషతో, మన కుటుంబాల కష్టసుఖాలతో ముడిపడి ఉంది. డాక్టరు చదువు చదవాలని కలలు కనే మన ఆడపిల్లలు, వారిని చదివించాలా వద్దా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులు ఆయన గురించి తెలుసుకోవాలి.

ఓడలో వచ్చిన యువ వైద్యుడు

బాల్ఫోర్ 1813 సెప్టెంబరు 6న స్కాట్లండులోని మాంట్రోజ్ పట్టణంలో జన్మించారు. తండ్రి కెప్టెన్ జార్జి బాల్ఫోర్ ఈస్టిండియా కంపెనీ నౌకల్లో పనిచేసినవారు. ఆనాటి బ్రిటిష్ పార్లమెంటులో పేరుమోసిన సభ్యుడు జోసెఫ్ హ్యూమ్ ఆయనకు మేనమామ. సొంత ఊళ్ళో చదువు ముగించుకుని, ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం అభ్యసించి, 1833లో శస్త్రవైద్యునిగా యోగ్యత సంపాదించారు. మరుసటి ఏడాదే మద్రాసు సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా ఉద్యోగం దొరికింది. అలా 1834లో, ఇరవై ఒక్క ఏళ్ళు నిండే వయసులో, మన దేశానికి ప్రయాణమయ్యారు.

అప్పటి మద్రాసు రాజధాని అంటే నేటి తమిళనాడు ఒక్కటే కాదు. ఉత్తరాన గంజాం నుంచి విశాఖపట్నం, గోదావరి, గుంటూరు, నెల్లూరు మీదుగా కడప, బళ్ళారి దాకా తెలుగు జిల్లాలెన్నో అందులో భాగమే. కనుక మద్రాసు సర్కారు వైద్యం గురించి ఏ నిర్ణయం తీసుకున్నా అది మన ఊళ్ళకూ వర్తించేది.

ఆ రోజుల్లో కంపెనీ వైద్యులు చాలామంది దండులోనే ఉండి, దండులోనే తిరిగి, ఊళ్ళతో సంబంధం లేకుండా ఉద్యోగం వెళ్ళబుచ్చేవారు. బాల్ఫోర్ ఆ కోవకు చెందరు. దేశీయ పటాలాల్లో పనిచేస్తూ ఊరూరా తిరిగారు. హిందుస్తానీ, అంటే మన ఉర్దూ, ఫారసీ భాషలు పట్టుదలగా నేర్చుకున్నారు. ఎంతగా అంటే, ఆ రెండు భాషల కవుల రచనల నుంచి ఏరికూర్చిన 'గుల్‌దస్తా' అనే సంకలనాన్ని ఆయన రాతి అచ్చులో వెలువరించారు. రోగితో రోగి భాషలో మాట్లాడగల వైద్యునికి, దుబాసీ ద్వారా మాట్లాడే వైద్యుడు ఎన్నడూ వినలేని సంగతులు తెలుస్తాయి. ఆయన తరువాత చేసిన పనులకు ఈ భాషా పరిచయమే పునాది అని మేము భావిస్తున్నాము.

చేపాక్ నవాబు దర్బారులో

1848లో బాల్ఫోర్‌కు ఒక కొత్త బాధ్యత వచ్చిపడింది. చేపాక్‌లో కర్ణాటక నవాబు దర్బారు వద్ద ప్రభుత్వ ఏజెంటుగా, నవాబు బంధుపరివారానికి ఇచ్చే పింఛన్ల పంపిణీ అధికారిగా వ్యవహరించే పని అది. నెల్లూరు దాకా ఒకప్పుడు ఏలిన ఆ వంశానికి అప్పటికి రాజ్యం పోయింది, బిరుదు మాత్రం మిగిలింది. గులాం మహమ్మద్ ఘౌస్ ఖాన్ ఆనాటి నవాబు. ఆయన కవి, కవి పోషకుడు కూడా.

ఆ పరిసరాల్లోని ముస్లిం కుటుంబాలను బాల్ఫోర్ దగ్గరగా చూశారు. చదువుకు ఆదరణ ఉన్నా పుస్తకాలు అందుబాటులో లేని స్థితిని గమనించారు. 1850లో మద్రాసులో మహమ్మదీయ గ్రంథాలయం ప్రారంభం కావడం వెనుక ముఖ్యమైన చెయ్యి ఆయనదే. ఆ గ్రంథాలయం అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు పేరుగాంచింది.

మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో ఏర్పడినప్పుడు దానికి మొదటి అధికారి కూడా బాల్ఫోరే. ఎగ్మూరులోని ఆ మ్యూజియంను ఇప్పటికీ మన పిల్లలు మద్రాసు వెళ్ళినప్పుడు చూసివస్తారు. అక్కడే 1855లో జంతు ప్రదర్శనశాల మొదలుపెట్టారు. నవాబు గారిని ఒప్పించి ఆయన సొంత జంతువులను దానికి ఇప్పించారు. అదే ఏడాది నవాబు సంతానం లేకుండా కన్నుమూయగా, కంపెనీ ప్రభుత్వం ఆ బిరుదును రద్దుచేసింది. ఆ తరువాత 1858 నుంచి 1861 వరకు నవాబు వదిలివెళ్ళిన అప్పుల లెక్కలు తేల్చే కమిషనర్‌గా బాల్ఫోర్ పనిచేశారు.

ఇవికాక ఆయన కలం నుంచి వెలువడిన పుస్తకాలు అనేకం. చెట్లు నరికితే వానలకు, వాతావరణానికి ఏమవుతుందో 1840వ దశకంలోనే వ్యాసం రాశారు. మన దేశపు వృక్షాలు, జంతువులు, జాతులు, వృత్తులు, ఆచారాలు అన్నింటినీ అక్షర క్రమంలో పేర్చిన 'భారతదేశ విజ్ఞాన సర్వస్వం' 1857లో మొదట వెలువడింది. 1885 నాటికి అది మూడు ముద్రణలు పొందింది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ మనం ఈరోజు చెప్పుకోవలసింది అంతకంటే చిన్నగా కనిపించే ఒక పుస్తకం గురించి.

మంత్రసాని చేతికి ఒక పుస్తకం

ఆనాటి కాన్పులు మంత్రసానుల చేతుల మీదుగా ఇంటి మూల గదిలో జరిగేవి. మన ఇళ్ళలో వారిని దాయి అనేవారు. ఎన్నో కాన్పులు చేసిన అనుభవం వారికి ఉండేది. కాన్పు సాఫీగా సాగితే ఆ అనుభవం చాలు. బిడ్డ అడ్డం తిరిగినా, రక్తస్రావం ఆగకపోయినా, మాయ లోపలే ఉండిపోయినా వారికి చెప్పేవారు లేరు. చెప్పగలిగిన వైద్యుడు మగవాడు, గడప దాటి లోపలికి రాలేడు. వైద్య గ్రంథం ఇంగ్లీషులో ఉంది, దాయికి అది అక్కరకు రాదు.

ఇంగ్లండులో డాక్టర్ కాంక్వెస్ట్ అనే వైద్యుడు రాసిన ప్రసూతి శాస్త్ర గ్రంథం అప్పట్లో ప్రసిద్ధం. బాల్ఫోర్ దాన్ని స్వయంగా ఉర్దూలోకి అనువదించారు. అంతటితో ఆగలేదు. తమిళం, తెలుగు, కన్నడ భాషల్లోకి ఇతరుల చేత అనువాదాలు చేయించి, వాటిని తన సొంత డబ్బుతో అచ్చువేయించారు. ప్రభుత్వ నిధులు వచ్చేదాకా వేచి ఉండలేదు.

ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. చదువుకు దూరంగా ఉన్నవారిని చదువులోకి తేవాలంటే మొదటి మెట్టు భాష. తనకు తెలిసిన భాషలో శాస్త్రం ఒకసారి అర్థమైన మనిషికి ఆ తరువాత ఇంగ్లీషులో నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. నేడు వైద్య కళాశాలల్లో చేరబోయే పల్లెటూరి పిల్లలకు, తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలకు ముందస్తు తరగతులు పెట్టాలని మాట్లాడుతున్న వారంతా చివరికి చేరుకునే చోటు అదే.

నివేదికలో రోగి గొంతు

1871లో బాల్ఫోర్ మద్రాసు సైనిక వైద్య శాఖకు సర్జన్ జనరల్ అయ్యారు. అంటే రాజధాని వైద్య శాఖలో ఆయన మాటకు తిరుగులేని స్థానం. అప్పటికి ఆయన వయసు 58 ఏళ్ళు. పింఛను పుచ్చుకుని హాయిగా విశ్రాంతి తీసుకోవలసిన వయసు. ఆ పదవిని ఆయన ఒక పాత కోరిక తీర్చుకోవడానికి వాడుకున్నారు.

1872లో ప్రభుత్వానికి ఆయన ఒక ప్రతిపాదన పంపారు. అందులోని సారాంశం ఇది: ముస్లిం స్త్రీలు, ఉన్నత కులాల హిందూ స్త్రీలు మగవైద్యుల వద్దకు రారు, వచ్చే అవకాశమూ లేదు. ఎన్ని ఆసుపత్రులు కట్టినా జనాభాలో ఇంత భాగానికి అవి మూసి ఉన్నట్లే. స్త్రీలకు వైద్య విద్య నేర్పి వైద్యులుగా తయారుచేయడం ఒక్కటే దీనికి మార్గం. కాబట్టి మద్రాసు వైద్య కళాశాలలో వారిని చేర్చుకోవాలి.

ఘోషా పాటించే స్త్రీలను వెక్కిరించడానికి ఆ రోజుల్లో ఎందరో ఉండేవారు. వారి ఆచారం మారితే తప్ప వైద్యం అందదని చేతులు దులుపుకునేవారూ ఉండేవారు. బాల్ఫోర్ ఆ వాదనకు పోలేదు. ఆచారం ఎలా ఉన్నా రోగికి నొప్పి నొప్పే కదా అన్నది ఆయన దృష్టి. మారవలసింది ఆసుపత్రీ, కళాశాలా అని ఆయన తేల్చారు.

ఆ కాలానికి ఈ ప్రతిపాదన ఎంత సాహసమో తెలియాలంటే ఆయన చదువుకున్న ఎడింబరో విశ్వవిద్యాలయంలో అదే సమయంలో ఏం జరుగుతోందో చూడాలి. 1869లో సోఫియా జెక్స్ బ్లేక్, ఆమె తోటి స్త్రీలు కొందరు అక్కడ వైద్య తరగతుల్లో చేరారు. 1870 నవంబరులో పరీక్ష రాయడానికి వెళుతున్న వారి మీద అల్లరిమూక బురద చల్లింది. చివరికి వ్యవహారం కోర్టుకెక్కింది. 1873లో తీర్పు ఆ స్త్రీలకు వ్యతిరేకంగా వచ్చింది. డిగ్రీలు లేకుండానే వారు బయటికి నడవవలసి వచ్చింది. తనకు చదువు చెప్పిన విశ్వవిద్యాలయం మూసేసిన తలుపును బాల్ఫోర్ మద్రాసులో తెరవాలంటున్నారన్న మాట.

నలుగురు విద్యార్థినులు

ఊహించినట్లే మద్రాసు కళాశాలలోనూ అభ్యంతరాలు తలెత్తాయి. ఆడా మగా ఒకే గదిలో కూర్చుని శరీర శాస్త్రం ఎలా వింటారన్నది ఒక ప్రశ్న. ఇంత కఠినమైన చదువు స్త్రీలు తట్టుకోగలరా అన్నది ఇంకో ప్రశ్న. అసలు చేరేదెవరన్నది మూడో ప్రశ్న.

మూడో ప్రశ్నకు జవాబుగా ఒక గృహిణి ముందుకు వచ్చారు. ఆమె పేరు మేరీ షార్లీబ్. మద్రాసులో బారిస్టరుగా ఉన్న విలియం షార్లీబ్ భార్య. పిల్లల తల్లి. పురుడు పోసుకోలేక ప్రాణాలు విడుస్తున్న భారతీయ స్త్రీల కథలు విని ఆమె చలించిపోయారు. ముందు మద్రాసు ప్రసూతి ఆసుపత్రిలో మంత్రసాని శిక్షణ పొందారు. అది చాలదని అర్థమై వైద్యమే చదవాలని నిశ్చయించుకున్నారు. బాల్ఫోర్ అండగా నిలిచారు. గవర్నరు లార్డ్ హోబర్ట్ కూడా సానుకూలంగా ఉన్నారు.

1875లో మద్రాసు వైద్య కళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకుంది. షార్లీబ్‌తో పాటు చేరిన మిగతా ముగ్గురు వైట్, మిచెల్, బీల్ అనే యువతులు. విశ్వవిద్యాలయ డిగ్రీకి బదులు మూడేళ్ళ చదువు, దాని చివర యోగ్యతాపత్రం వారికి నిర్ణయించారు. కాలేజీ చదువుకు కావలసిన మెట్రిక్యులేషను చదివిన ఆడపిల్లలే అరుదైన రోజుల్లో పూర్తి డిగ్రీ నియమాలే పెట్టి ఉంటే ఒక్కరూ చేరలేకపోయేవారు. ముందు ఎక్కగలిగిన మెట్టు వేసి, తరువాత పై మెట్టుకు దారి చూపించారు. అండర్ గ్రాడ్యుయేట్ పిల్లలను వైద్య విద్యకు సిద్ధం చేసే పథకాలు నేడు అమెరికా వంటి దేశాల్లో ఉన్నాయని వింటున్నాం. వాటి వెనుక ఉన్న ఆలోచన ఆనాడు మద్రాసులో అమలైన ఈ ఆలోచనకు దూరమేమీ కాదు.

చేరడం ఒక ఎత్తు, నెగ్గుకురావడం మరో ఎత్తు. ఆ నలుగురికీ స్వాగత తోరణాలేమీ కట్టలేదు. వార్డుల్లో తిరగకుండా వారిని ఆపలేను గానీ నేర్పడం మాత్రం నా వల్ల కాదని ముఖం మీదే చెప్పిన ఆచార్యుడు కూడా ఉన్నారు. వారు వార్డుల్లో తిరుగుతూ, చూస్తూ, అడుగుతూ నేర్చుకున్నారు. 1878లో షార్లీబ్ చదువు పూర్తిచేశారు. ఆపై లండను వెళ్ళి, అక్కడ స్త్రీల కోసం 1874లో ఏర్పడిన వైద్య పాఠశాలలో చేరి, 1882లో లండను విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ, ప్రసూతి శాస్త్రంలో బంగారు పతకం అందుకున్నారు. మూడేళ్ళ చిన్న మెట్టు ఆమెను అంత ఎత్తుకు చేర్చింది.

1883లో ఆమె మద్రాసు తిరిగివచ్చారు. 1885లో విక్టోరియా రాణి పేరిట, కులాచారం, ఘోషా పాటించే స్త్రీల కోసం ఒక ఆసుపత్రి మద్రాసులో ప్రారంభమైంది. దాని నిర్వహణ షార్లీబ్ చూసుకున్నారు. ఆ ఆసుపత్రికి సొంత భవనం కట్టడానికి తెలుగువాడైన వెంకటగిరి రాజా లక్ష రూపాయలు విరాళమిచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక అది కస్తూర్బా గాంధీ ఆసుపత్రి అయింది. ఘోషా ఆసుపత్రి అనే పేరు మాత్రం తిరువళ్ళిక్కేణి వాసుల నోట నిలిచిపోయింది, మన విశాఖలో లాగే.

మధ్యలో ఆగిపోయినవారు

గెలిచినవారి కథ ఒక్కటే చెబితే సత్యం సగమే చెప్పినట్లు. మద్రాసు కళాశాల స్త్రీలను చేర్చుకుంటోందని తెలిసి దూరప్రాంతాల నుంచి కూడా అమ్మాయిలు వచ్చారు. 1878లో చేరిన కృపాబాయి అహ్మద్‌నగర్ నుంచి వచ్చిన యువతి. చదువులో మెరికలాంటిది. ఏడాది తిరిగేసరికి ఆరోగ్యం దెబ్బతిని చదువు మానుకోవలసి వచ్చింది. తరువాత ఆమె ఇంగ్లీషులో నవలలు రాసి ప్రసిద్ధికెక్కి, చిన్న వయసులోనే మరణించింది. 1882లో బెంగాలు నుంచి అబలా దాస్ వచ్చింది. కలకత్తా వైద్య కళాశాల అప్పటికి స్త్రీలను చేర్చుకోకపోవడమే అందుకు కారణం. ఆమె కూడా అనారోగ్యం వల్ల చదువు ముగించలేకపోయింది. తరువాత శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్‌ను వివాహమాడి, బాలికల విద్య కోసం జీవితమంతా పనిచేసింది.

తెలివి ఉంది, సీటు ఉంది, అయినా నిలవలేకపోయారు. ఊరుకాని ఊరు, సరిపడని తిండి, మగవారి మధ్య ఒంటరితనం, గంటల కొద్దీ నిలబడి చేసే చదువు. ఇటువంటి వాటికి విరుగుడు సీటు ఇవ్వడంలో ఉండదు. వసతి గృహంలో, పలకరించే పెద్ద అక్కలో, కష్టం వస్తే చెప్పుకునే చోటులో ఉంటుంది. 1907లో అదే కళాశాలలో చేరి 1912లో పట్టభద్రురాలైన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఈ సంగతి బాగా గ్రహించారు. తరువాత మద్రాసు శాసనమండలిలో సభ్యురాలిగా ఉన్నప్పుడు ముస్లిం బాలికల వసతి గృహం కోసం ఆమె పాటుపడటం మనం మరచిపోకూడని విషయం.

మరొక మాట నిష్కర్షగా చెప్పుకోవాలి. బాల్ఫోర్ తన ప్రతిపాదనలో ముందుగా ఎత్తిచూపినది మన స్త్రీల కష్టాన్ని. అయితే 1875లో చేరిన ఆ నలుగురిలో ముస్లిం యువతి ఒక్కరూ లేరు. అందరూ ఐరోపా, ఆంగ్లో ఇండియన్ కుటుంబాల వారే. మన కోసం వేసిన నిచ్చెన మీద మొదట ఎక్కినవారు ఇతరులు. మనకు రోగులుగా మేలు జరిగింది. వైద్యులుగా మన ఆడపిల్లలు ఆ మెట్లు ఎక్కడానికి ఇంకా చాలాకాలం పట్టింది. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అందులోంచి నడవగలమని కాదు. ఇంట్లో అక్షరాభ్యాసం, ఉన్నత పాఠశాల, పెద్దల అంగీకారం, ఇవన్నీ ఆ తలుపు దాకా వెళ్ళే బాట. ఆ బాట అప్పటికి మన ఇళ్ళ నుంచి పడలేదు.

హైదరాబాదులో ఉర్దూ వైద్యం

ఈ సందర్భంలో నిజాం రాజ్యం సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాదులో 1846లోనే వైద్య పాఠశాల నెలకొంది. అక్కడ ఆధునిక వైద్యాన్ని ఉర్దూలో బోధించేవారు. చదువు పూర్తిచేసిన వారికి హకీం అని పట్టా ఇచ్చేవారు. బాల్ఫోర్ ఒక పుస్తకంతో చేసిన పనిని అక్కడ ఒక పాఠశాలే చేసిందన్న మాట. 1880వ దశకంలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆ పాఠశాలకు అధిపతిగా ఉండగా స్త్రీలకూ ప్రవేశం లభించింది. 1885లో చేరి 1889లో చదువు ముగించిన పార్శీ యువతి రూపాబాయి ఫర్దూన్‌జీ, మత్తు మందు ఇవ్వడంలో నిపుణురాలై, ఆ రంగంలో తొలి స్త్రీ వైద్యులలో ఒకరుగా ప్రపంచ ఖ్యాతి పొందారు. ఆమె పనిచేసింది హైదరాబాదు ఆసుపత్రుల్లోనే. తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా వైద్య విద్యను ఉర్దూలో నేర్పింది.

చివరి రోజులు

బాల్ఫోర్ ఉద్యోగ జీవితపు ఆఖరి ఏళ్ళలో కూడా కలం దించలేదు. 1875లో భారత ప్రజలకు వైద్య సలహాలు అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం, వైద్యులకు, హకీములకు వైద్యం గురించి తెలిసినదేమిటన్న ప్రశ్నే పేరుగా ఇంకొక పుస్తకం వెలువరించారు. ఆ రెండో పుస్తకం పేరులోనే మన సంప్రదాయ వైద్యం మీద ఆయనకున్న సందేహం కనిపిస్తుంది. పాలకుల జాతివాడు కనుక పాలకుల చూపు కొంత ఆయనకూ ఉండటంలో వింత లేదు. 1876లో ఆసియా, ఆఫ్రికా, ఐరోపా, అమెరికా ఖండాల్లో వైద్య శాస్త్రాన్ని ముందుకు నడిపిన మహనీయుల గురించి కూడా పుస్తకం రాశారు. వైద్యం ఒక్క ఐరోపా సొత్తు కాదని ఆయనకు తెలుసు.

1876లో పదవీ విరమణ చేసి ఆయన స్వదేశానికి బయలుదేరినప్పుడు హిందువులు, ముస్లింలు, ఐరోపావారు ఎవరికి వారు సన్మాన పత్రాలు సమర్పించారు. మ్యూజియంలో ఆయన చిత్రపటం ఉంచారు. 1889 డిసెంబరు 8న, 76వ ఏట, లండనులో ఆయన తుదిశ్వాస విడిచారు. రెండేళ్ళ తరువాత, 1891లో, వైద్యం చదివే స్త్రీలను ప్రోత్సహించడానికి మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట ఒక బంగారు పతకం నెలకొల్పారు. ఇన్ని పనులు చేసిన మనిషిని ఏ పనితో గుర్తుపెట్టుకోవాలని ఆనాటివారు అనుకున్నారో ఆ పతకం చెబుతోంది.

మన ముందున్న మెట్లు

1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల వెలసింది. అదే నేటి ఆంధ్ర వైద్య కళాశాల. తెలుగు జిల్లాల పిల్లలు డాక్టరు చదువుకు మద్రాసు దాకా వెళ్ళవలసిన అవసరం తప్పింది. మన సబ్బవరం నుంచి ఉదయం బస్సెక్కితే చేరుకునే దూరంలోనే కింగ్ జార్జి ఆసుపత్రి, దాని పక్కన ఆ కళాశాల ఉన్నాయి. 2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు విద్యలో, ఉద్యోగాల్లో 4 శాతం కేటాయిస్తూ అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. అది కోర్టులకెక్కినా, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. బాల్ఫోర్ నాడు తలుపు మూసి ఉంది. నేడు తలుపు తెరిచి ఉంది, లోపల కొన్ని కుర్చీలు కూడా ఉన్నాయి.

అయినా ఆ కుర్చీ దాకా నడిచే బాట ఇంకా ఎగుడుదిగుడుగానే ఉంది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయిని ఇంటర్‌లో బై.పీ.సీ.లో చేర్చాలా, దగ్గర్లో ఏదో ఒకటి చదివించి పెళ్ళి చేయాలా అన్న మాట ఎన్నో ఇళ్ళలో నడుస్తుంది. నీట్ పరీక్షకు కోచింగు అంటే ఊరు వదలాలి, డబ్బు కావాలి, హాస్టలు నమ్మకమైనదై ఉండాలి. ఉర్దూ, తెలుగు మీడియంలో చదివిన బిడ్డకు మొదటి ఏడాది ఇంగ్లీషు పుస్తకం కొండలా కనిపిస్తుంది. వీటిలో ఏ ఒక్కటీ ఆ పిల్ల తెలివికి సంబంధించినది కాదు.

వీటికి మనం చేయగలిగినవి ఉన్నాయి. బాల్ఫోర్ సొంత జీతంతో నాలుగు భాషల్లో పుస్తకం అందించారు. మన ఊళ్ళ పెద్దలు, కమిటీలు కలిసి ఇద్దరు ముగ్గురు పిల్లల కోచింగు ఖర్చు భరించలేరా? విశాఖలో డాక్టర్లుగా, నర్సులుగా స్థిరపడిన మన అక్కచెల్లెళ్ళు సెలవు రోజున ఒక పూట వచ్చి, ఎనిమిదీ తొమ్మిదీ తరగతుల పిల్లలకు ఈ చదువు ఎలా ఉంటుందో చెప్పలేరా? వసతి కోసం వెతికే తల్లిదండ్రులకు నగరంలోని మన కుటుంబాలు నమ్మకమైన చోటు చూపించలేవా? సర్కారు చేయవలసినవి సర్కారును అడుగుదాం. మన చేతిలో ఉన్నవి వాయిదా వేయకుండా మొదలుపెడదాం.

ఘోషాలో ఉన్న తల్లికి వైద్యం అందాలంటే ఒక కూతురు వైద్యురాలు కావాలని ఒక పరదేశి 1872లోనే గ్రహించారు. ఆ కూతురు మన ఇంటి నుంచి కూడా బయలుదేరాలి. ఈ ఏడాది పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు, డాక్టరు చదువుతానని మన అమ్మాయి నోరు విప్పి అడిగితే, కాదనే ముందు ఆమె మాట పూర్తిగా విందాం.